నెమ్మదిగా రాలిన చుక్క

గణేశ్వరరావుకి ఆ పేరు పెట్టింది వాళ్ళ తాత. పేరుకి తగ్గ గొంతు మాత్రం ఎవరూ పెట్టలేదు. పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీలో అందరూ అతన్ని ‘సరే భయ్యా’ అంటారు. ఫెర్రీ మీద లస్కరు పని అతనిది. బోటు ఒడ్డుకి ఆనుతుంటే తాడు విసరడం, కట్టడం, మళ్ళీ విప్పడం. వానలో ముందు తాడు దగ్గర నిలబడేది ఎప్పుడూ అతనే. తక్కినవాళ్ళు “నువ్వుండు భయ్యా” అంటారు, అతను “సరే” అంటాడు. ఆదివారం డ్యూటీకి రమ్మంటే సరే. క్యూలో ఎవడైనా ముందుకి దూరితే సరే. జగడమంటే అతనికి నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది.

వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు భావనపాడు నుంచి చేపల పనికొచ్చి, పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురొడ్డున హోప్ టౌన్‌లో ఇల్లేసుకుని, మరి వెనక్కి వెళ్ళలేదు. గణేశ్వరరావు పుట్టిందీ పెరిగిందీ అక్కడే. “మా ఆయన మాట తెలుగు, కోపం హిందీ” అంటుంది అతని భార్య కనకలక్ష్మి. “ఆ కోపం ఇంతవరకూ చూళ్ళేదు గనక హిందీ ఎంతొచ్చో తెలీదు” అని కూడా అంటుంది. ఆవిడ అంగన్‌వాడీలో ఆయా. ఇద్దరి బదులూ ఆవిడే మాట్లాడుతుంది.

వాళ్ళ పెళ్ళిలో ఫోటోగ్రాఫరు “భయ్యా, జరా సైడ్” అన్నాడట. గణేశ్వరరావు జరిగాడు. ఎందుకని అడగలేదు. గోడ మీద ఇవాళ్టికీ ఉన్న ఆ ఫోటోలో పెళ్ళికూతురి పక్కన నవ్వుతూ నిలబడ్డది ఆమె తమ్ముడు వాసుదేవ్. ఫ్రేము అంచున ఒక భుజం, సగం బాసికం కనపడతాయి. అది పెళ్ళికొడుకు.

అలాంటి మనిషి ఒక డిసెంబరు రాత్రి ‘కాదు’ అన్నాడు. ఆ రాత్రి సంగతి ఇది.

వాళ్ళమ్మాయి లహరి కాలేజీలో ఫిజిక్సు చదువుతోంది. ఒకరోజు అన్నం తింటూ, “నాన్నా, పద్నాలుగో తారీకున ఉల్కలు రాలతాయి. వందలకొద్దీ. చంద్రుడు కూడా ఉండడు. ఇక్కడ హార్బరు లైట్లకి ఏం కనపడవు, వండూర్‌లో మావయ్య ఇంటికి పోదాం” అంది. గణేశ్వరరావు సరే అన్నాడు.

వాసుదేవ్‌కి వండూర్‌లో ఒక డింగీ, ఇంజనున్న చిన్న పడవ, ఉంది. పగలు టూరిస్టుల్ని మెరైన్ పార్కు దీవులకి తిప్పుతాడు. పర్మిట్ ఉంటేనే ఆ నీళ్ళలో బోటు నడుస్తుంది, చీకటి పడ్డాక అదీ కుదరదు, చేపలు పట్టడం ఎప్పుడూ కుదరదు. అక్కాబావా వస్తున్నారని ఆ సాయంత్రం బోటు తొందరగా కట్టేసి, చేపల వేపుడు చేయించాడు. ఈ దీవుల్లో అయిదున్నరకే చీకటి పడిపోతుంది. భోజనాలు ముగించి ఎనిమిదింటికల్లా నలుగురూ ఒడ్డుకి చేరారు. దీపాలకి దూరంగా, సునామీకి పడిపోయిన పెద్ద చెట్టు మోడు దగ్గర టార్పాలిన్ పరిచారు. ‘మొసళ్ళున్నాయి’ అన్న బోర్డు ఇవతలే. పొద్దుపోయాక ఆ బోర్డు దాటి నీళ్ళ దగ్గరకి ఎవరూ పోరు.

“ఫోన్లు తియ్యకండి. చీకటికి కళ్ళు అలవాటు పడాలి” అంది లహరి.

అలవాటు పడ్డాక ఆకాశం కిందకి దిగివచ్చినట్టయింది. ముందు ఒకటి, సన్నగా, అగ్గిపుల్ల గీసినట్టు. తరవాత రెండు వెంటవెంటనే. ఆ తరవాత వాసుదేవ్ లెక్కపెట్టడం మానేసి “అరే వాహ్, అరే వాహ్” అనడం మొదలుపెట్టాడు.

“చుక్క రాలితే ఎవరో పోయారంటారు. ఇన్ని రాల్తే ఊరేటైపోవాల?” అంది కనకలక్ష్మి.

“అవి చుక్కలు కావమ్మా. ధూళి. ఇసక రేణువంత ఉంటాయి.”

ముగ్గురూ వెల్లకిలా పడుకుని, తూరుపు ఆకాశం చూస్తున్నారు. గణేశ్వరరావుకి నడుం నొప్పి. వెనక కాస్త ఎత్తుగా ఉన్న ఇసక గట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడి మొహం, ఏళ్ళ తరబడి అలవాటు ప్రకారం, సముద్రం వైపే ఉంది.

అప్పుడు కనపడింది. ఎదురుగా ఉన్న మోడుకి రెండు కొమ్మలు పంగలా చీలి ఉన్నాయి. ఆ పంగలోంచి, నీళ్ళమీద బాగా కిందుగా, ఎర్రటి నిప్పు ఒకటి. తక్కినవాటిలా గీత గీసి మాయం కాలేదు. గాలికి కొట్టుకుపోయే రవ్వలాగ పక్కకి ఒరుగుతూ, తీరిగ్గా దిగి ఆరిపోయింది. అతని చూపు పడేసరికే అది దిగుతోంది. అంతకుముందు పైకి లేచిందో లేదో చూడలేదు.

“చూశారా?” అన్నాడు.

“ఏది నాన్నా?”

“ఎర్రగా. అక్కడ, కింద.”

ఎవరూ చూడలేదు. “ఎర్రవి కూడా ఉంటాయి నాన్నా, పచ్చవి కూడా. కిందుగా ఉన్నవి ఒక్కోసారి నెమ్మదిగా పోయినట్టుంటాయి” అంది లహరి.

“సరే” అన్నాడు గణేశ్వరరావు.

మళ్ళీ సముద్రం వైపు తిరిగాడు. ఇంకో నాలుగైదు చుక్కలు రాలాయి. వాసుదేవ్ కేక పెట్టాడు, కనకలక్ష్మి నవ్వింది. గణేశ్వరరావు మాత్రం చుక్కల వైపు చూడలేదు. ఏటా ఫెర్రీ వాళ్ళకి డ్రిల్లు ఉంటుంది. ఆపదలో ఉన్న పడవ ఎలా సాయం అడుగుతుందో చూపించడానికి ఎర్ర ఫ్లేరు పైకి కాలుస్తారు. ఆ ఎరుపు బాణసంచా మందు ఎరుపు. ఈ చుక్కల్లో ఏ ఒక్కదానికీ ఆ రంగు లేదు. అయినా ఆకాశం సంగతి తనకేం తెలుసు? చదువుకున్న పిల్ల ఉంటాయంటోంది కదా. ఉంటాయేమో.

గాలి వీపుకి తగులుతోంది. డిసెంబరు గాలి తూరుపు నుంచి వస్తుంది. పడమటొడ్డున ఉన్న వండూర్‌లో అందుకే నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి. కానీ ఇంజను చచ్చిన పడవని ఆ గాలి ఒడ్డుకి రానివ్వదు. పడమటికి తోసుకుపోతుంది. పార్కు దీవులు దాటితే పడమట చేరదగ్గ ఒడ్డు లేదు. అంతా బంగాళాఖాతమే.

లేచి నిలబడ్డాడు. “అది చుక్క కాదు. ఫ్లేరు.”

“బావా, ఇవాళ వెయ్యి రాలతన్నాయి. అందులో ఒకటి ఎర్రగా ఉందని పోలీసుల్ని లేపుతావా?” అన్నాడు వాసుదేవ్.

“లేపాల.”

కనకలక్ష్మి మొగుడి మొహం చూసింది. ఏమనుకుందో, రోడ్డు దాకా పరిగెత్తి, సిగ్నలు దొరికేచోట నిలబడి పోలీసు కంట్రోల్ రూమ్‌కి ఫోను కలిపి, వెనకే వచ్చిన అతనికిచ్చింది. అటువైపు మనిషి ఓపిగ్గానే విన్నాడు. సాయంత్రం నుంచీ ఆకాశంలో వెలుగులని చాలా ఫోన్లొస్తున్నాయన్నాడు. “పక్కాగా చెప్పగలరా?” అని అడిగాడు.

“చెప్పలేను సార్” అన్నాడు గణేశ్వరరావు. “కానీ చూశాను.”

అవతలివాడు పేరూ చోటూ రాసుకున్నాడు. బోటు పంపిస్తామని, దీవి చుట్టూ తిరిగి రావాలి గనక ఆలస్యమవుతుందని చెప్పాడు. ఆ మాట విన్నాక గణేశ్వరరావుకి ఇంకా భయమేసింది. అంతసేపట్లో గాలి ఆ పడవని ఎక్కడికి తీసుకుపోతుందో!

“వాసూ, బోటు తాళం ఇయ్యి” అన్నాడు ఒడ్డుకి తిరిగొచ్చి.

“పిచ్చా బావా? రాత్రిపూట పార్కు నీళ్ళలో బోటు తీస్తే నా పర్మిట్ పోతాది. నువ్వు చూసింది ఉట్టి చుక్కయితే?”

“అయితే నీ పర్మిట్ పోయినట్టే.”

“మరి?”

“మరేటీ లేదు. తాళం ఇయ్యి.”

వాసుదేవ్ అక్క వైపు చూశాడు. అక్క చార్జింగ్ లాంతరు చేతిలోకి తీసుకుంది. “చూడు బావా, వాళ్ళ బోటొస్తంది గదా. అంతదాకా ఆగుదాం. సరేనా?”

ముగ్గురూ ఎదురుచూశారు. ఆ ప్రశ్నకి ఆ ఇంట్లో ఎప్పుడూ ఒకటే జవాబు.

“కాదు” అన్నాడు గణేశ్వరరావు. బోర్డు దాటి నీళ్ళ వైపు నడిచాడు.

డింగీ కాలవ మూతి దగ్గర, నడుంలోతు నీళ్ళలో లంగరేసి ఉంది. మొసళ్ళు తిరిగే చోటు అదే. “నాన్నా!” అని లహరి అరిచింది. వాసుదేవ్ హిందీలో ఏదో తిట్టి, టార్చి తీసుకుని వెనకే పరిగెత్తాడు. నీళ్ళమీద టార్చి తిప్పాడు. మొసలి కళ్ళు వెలుగు పడితే జంటగా మెరుస్తాయి. ఎడమవైపు మడ చెట్ల వేళ్ళ కింద ఏదో మెరిసినట్టయి ఇద్దరూ బిగుసుకుపోయారు. తడిసిన సీసా అది. బోటు అంచు పట్టుకుని ఇద్దరూ పైకెక్కారు.

బోటు తీసేముందు గణేశ్వరరావు ఒడ్డుకి కేకేసి ఒక పని చెప్పాడు. రాత్రిపూట హార్బరులోకి వచ్చే ఓడలు ఒడ్డున రెండు దీపాలు చూసుకుంటాయి. ఒకటి కింద, ఒకటి వెనకాల ఎత్తులో. రెండూ ఒకదాని మీద ఒకటి నిలువుగా కనపడితే దారిలో ఉన్నట్టు, విడిపోతే తప్పినట్టు. అలా పెట్టమన్నాడు. తను కూర్చున్న గట్టు మీద వాసుదేవ్ బైకు ఉంచి లహరి హెడ్‌లైటు వెయ్యాలి. ముందు మోడు పంగలో కనకలక్ష్మి చార్జింగ్ లాంతరు పట్టుకోవాలి. ఎర్రనిప్పు కనపడింది ఆ గీత మీదే.

“నేనొచ్చేదాకా దించొద్దు!”

“ముందు మీరు రండి!” అంది కనకలక్ష్మి. లాంతరు పట్టుకుని మోడెక్కింది.

ఆటు సమయం, నీళ్ళు తీసి ఉన్నాయి. కాలవ దాటుతుంటే అడుగున పగడపు రాయి కర్రుమని గీసుకుంది. వాసుదేవ్ ఇంజను దగ్గర, గణేశ్వరరావు ముందు భాగంలో ఒడ్డు వైపు తిరిగి. వెనక రెండు దీపాలు, నిలువుగా. “కుడికి. కొంచెం కుడికి. చాలు.” చుట్టూ నల్లటి నీళ్ళు. పైన ఆకాశం తన పని తను చేసుకుపోతోంది.

“అదిగో బావా!” అని వాసుదేవ్ అరిచాడు. ఇద్దరూ అటు తిరిగారు. తెల్లగా గీత గీసి పోయింది. ఇంకాసేపటికి మళ్ళీ ఒకటి. ప్రతి వెలుగుకీ ఆశ లేవడం, అంతలోనే చావడం. “ఇలాగయితే నిజంగా ఫ్లేరేసినా మనకి తెలీదు” అన్నాడు వాసుదేవ్. ఇందాకటి కోపం పోయి భయం వచ్చింది వాడి గొంతులో.

ఒడ్డు దూరమైంది. లాంతరు సూదిమొనంత అయింది. ఏమీ లేదు. పడవ లేదు, మనిషి లేడు.

“బావా, ఆయిలు సగం దగ్గరకొచ్చింది. తిరగాల.”

గణేశ్వరరావు తన చూపుని తనే నమ్మలేకపోతున్నాడు. వయసైపోయిన కళ్ళు. ఎర్ర చుక్కలుంటాయంది లహరి. తనవల్ల ఈ కుర్రాడి తిండి పోతుంది. కానీ ఉంటే? తను చూసినప్పుడు అక్కడ ఉన్న పడవ ఇప్పుడు కూడా అక్కడే ఎందుకుంటుంది? గాలీ నీటి లాగుడూ ఈపాటికి దాన్ని గీత దాటించి దక్షిణానికీ పడమటికీ ఈడ్చి ఉంటాయి.

“దీపాలొదిలెయ్యి. ఎడమకి తిప్పు” అన్నాడు.

“దీపాలొదిలేస్తే వెనక్కెలా ఎల్తాం?”

“చుక్కలున్నాయి గదా.”

వాసుదేవ్ నవ్వలేదు. తిప్పాడు. రెండు దీపాలూ విడిపోయాయి, తరవాత కనపడకుండా పోయాయి. అలా కొంతసేపు పోయారు. గణేశ్వరరావుకి ఎందుకో అనిపించింది, ఇంజను చప్పుడులో ఏమీ వినపడదని. చెయ్యెత్తాడు. ఇంజను ఆగింది. ఒక్కసారిగా నిశ్శబ్దం మీదపడింది. నీళ్ళు పడవ పక్కల్ని తట్టే చప్పుడు తప్ప ఏమీ లేదు.

గణేశ్వరరావు లేచి నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. అతనికంత గొంతు ఉందని బావమరిదికీ తెలీదు, అతనికీ తెలీదు.

“ఎవరైనా ఉన్నారా! మేం పోలీసులం కాదు! హోప్ టౌనోళ్ళం! కోయీ హై క్యా!”

ఏమీ లేదు. మళ్ళీ అరిచాడు. మూడోసారి గొంతు చీరుకుపోయింది.

అప్పుడు వెనకనుంచి వినపడింది. ఎదురుగా కాదు, వాళ్ళు దాటి వచ్చేసిన వైపునుంచి. ఠంగ్, ఠంగ్, ఠంగ్. ఎవరో బేసిను మీద కొడుతున్నారు.

వెనక్కి తిరిగి టార్చి వేస్తే చిన్న డింగీ. ఒక కుర్రవాడు నిలబడి అల్యూమినియం బేసిను పిచ్చిపట్టినట్టు కొడుతూనే ఉన్నాడు, టార్చి వెలుగు మొహం మీద పడ్డా ఆపలేదు. అతని పేరు యువరాజ్. అడుగున చేపల మధ్య పడుకున్నది అతని మావ, పేరు పెద్దబ్బాయి. కుడి చేతికి లుంగీ చుట్టి ఉంది. లుంగీ తడిసి నల్లగా కనపడుతోంది.

మధ్యాహ్నం తేలివచ్చిన దుంగకి కొట్టుకుని ఇంజను పాడైంది. బాగు చేద్దామని చెయ్యి పెడితే పెద్దబ్బాయి రెండు వేళ్ళు నలిగిపోయాయి. ఫోన్లకి సిగ్నలు లేదు. పాత ఫ్లేర్లు మూడుంటే రెండు చెమ్మగిల్లిపోయి వెలగలేదు. మూడోది వెలిగింది.

“అది ఎగిరాక పైకి చూశాను భయ్యా” అన్నాడు యువరాజ్. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. “ఆకాశమంతా అదే పని. వెయ్యి పడతన్నాయి. మాదెవడు చూస్తాడు అనుకున్నాను. మావతో చెప్పలేదు గానీ అయిపోయిందనుకున్నాను.”

గణేశ్వరరావు తాడందుకున్నాడు. విసిరాడు. మొదటిసారి అది నీళ్ళలో పడింది. రెండోసారికి అందింది.

తిరుగుదారి గాలికి ఎదురు. రెండో పడవని లాగుతూ డింగీ నత్తలా నడిచింది. ఆయిలు ఒడ్డుదాకా వస్తుందో రాదో అని వాసుదేవ్ ట్యాంకు మాటిమాటికీ ఊపి చూశాడు. పెద్దబ్బాయి పలకడం మానేశాడు. యువరాజ్ “మావా, మావా” అంటూనే ఉన్నాడు. ఇంజను దగ్గుతూ ఉండగా ఎదురుగా పెద్ద వెలుగు కనపడింది. కంట్రోల్ రూమ్ వాళ్ళు పంపిన బోటు. ఒడ్డున లహరి హెడ్‌లైటుతో వాళ్ళకి దారి చూపించిందట. పెద్దబ్బాయిని వాళ్ళ బోటులోకి ఎక్కించుకున్నారు. అతనికి ఊపిరి ఉంది.

గణేశ్వరరావు ఒడ్డున దిగేసరికి కనకలక్ష్మి ఇంకా మోడు మీదే ఉంది. లాంతరు చార్జింగు ఎప్పుడో అయిపోయింది. ఆరిపోయిన లాంతరుని అలాగే ఎత్తి పట్టుకుని నిలబడింది. అతనే ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. “దించొద్దన్నారు గదా” అంది. అంతకుమించి ఆ రాత్రి ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. లహరి తండ్రి దగ్గరకొచ్చి, “నేను చుక్కే అన్నాను నాన్నా” అంది. “నేనూ సరే అన్నాను గదమ్మా” అన్నాడు.

వాసుదేవ్ ఆఫీసుల చుట్టూ కొన్నాళ్ళు తిరిగాడు. సంజాయిషీ రాసిచ్చాడు. చివరికి పర్మిట్ ఉంచారు. పెద్దబ్బాయికి ఒక వేలు తీసేశారు. తక్కిన చెయ్యి దక్కింది. జెట్టీలో కొందరు గణేశ్వరరావుని పొగిడారు. అతనికి అది బాగోలేదు. ఎవరైనా మొదలుపెడితే తాడు సర్దుకునే వంకతో అవతలికి పోయేవాడు.

కొన్ని వారాలకి పెద్దబ్బాయి చేతికట్టుతో హోప్ టౌన్ వచ్చాడు. కనకలక్ష్మి భోజనం పెట్టింది. ఎడమచేత్తో తినడం అలవాటు లేక స్పూను అడిగాడు. తిన్నాక గణేశ్వరరావుతో కలిసి అరుగు మీద కూర్చున్నాడు.

“తమ్ముడూ, ఒకటి చెప్పాల” అన్నాడు పెద్దబ్బాయి. “ముందు మీ ఇంజను మా పక్కనించే ఎల్లింది. మా యువరాజ్ అరవబోతే నేనే వాడి నోరు మూశాను. మేం పడుతున్నది పార్కు లోపలి చేపలు గదా. ఫారెస్టోళ్ళనుకున్నాను. చెయ్యి పోతే పోనీ, పడవ పట్టుకుపోతారని భయం.”

గణేశ్వరరావు అతని వైపు తిరిగాడు.

“ఆ చప్పుడు దూరమైపోతంటే అప్పుడర్థమైనాది, ఎంత పని చేశానో. అప్పుడు అరుద్దామంటే నాకు గొంతు రాలేదు. నువ్వు పోలీసులం కాదని పిలిచావు గాబట్టి...” మాట పూర్తి చెయ్యలేదు.

“మేం ఎంత దూరంలోంచి పోయాం అన్నా?”

“మీ మాటలు వినపడ్డాయి. ఆయిలు సగం దగ్గరకొచ్చింది అన్నాడు మీ బావమరిది.”

పెద్దబ్బాయి ఆఖరి ఫెర్రీకి వెళ్ళిపోయాక కూడా గణేశ్వరరావు అరుగు మీదనుంచి లేవలేదు. కనకలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది.

“ఏటాలోచిస్తన్నారు?”

“ఇంజను ఇంకా ముందే ఆపాల్సింది” అన్నాడు.

ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.